రొమ్ము తగ్గించే ఆపరేషన్ చేసే డాక్టర్లకు, ఆ తల్లులకు కాన్పు చేసే డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్లాస్టిక్ సర్జన్లకు, గైనకాలజిస్టులకు, పిల్లల డాక్టర్లకు, ప్రసూతి వార్డుల్లో పనిచేసే సిస్టర్లకు నమస్కారం.

నేను ఇరవైల్లో ఉండగా రొమ్ములు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ తర్వాత పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరికీ నా పాలు పట్టాను. ఇద్దరికీ నా పాలు పూర్తిగా చాలలేదు. ఈ రెండు మాటలూ నిజమే. కానీ నాకు ఎదురైన డాక్టర్లలో, నర్సుల్లో ఎక్కువమందికి ఇవి రెండూ ఒకేసారి నిజం కావచ్చన్న ఆలోచనే లేదు. "ఆపరేషన్ అయింది కదా, ఇంక పాలెక్కడివి, డబ్బా మొదలెట్టేయండి" అన్నవాళ్లు కొందరు. "ప్రతి తల్లికీ పాలుంటాయి, మీరే సరిగ్గా పట్టడం లేదు" అన్నవాళ్లు ఇంకొందరు. ఈ రెండు మాటల మధ్య నలిగే తల్లుల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. ఈ ఆపరేషన్ పేరెత్తగానే మన దగ్గర "అందం కోసం" అనేస్తారు. ఆ బరువు మోసినవాళ్లకు అదేమిటో తెలుసు. మెడ, భుజాలు, వీపు ఎప్పుడూ లాగుతూనే ఉండేవి. బ్రా పట్టీలు కోసుకుపోయి భుజాల మీద పడ్డ గాడులు నాకు ఇప్పటికీ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే రొమ్ముల కింద చెమటకు చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా పొక్కేది, ఏ పౌడరూ పనిచేసేది కాదు. కాలేజీకి వెళ్లిన రోజులన్నీ ఫైలు గుండెకు అడ్డం పెట్టుకునే నడిచాను. ఆపరేషన్ తర్వాత హాయిగా వెల్లకిలా పడుకోగలిగాను. చేయించుకున్నందుకు నాకు ఏ రోజూ విచారం లేదు. అందుకని మా దగ్గరికి వచ్చినప్పుడు "అసలెందుకు చేయించుకున్నావమ్మా" అన్న ప్రశ్నతో దయచేసి మొదలుపెట్టకండి. చంకలో బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక ఏ తల్లికీ ఉండదు.

సర్జన్ గారూ, మొదట మీతో మాట్లాడాలి. ఆపరేషన్‌కు ముందు నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. రేపు పిల్లలు పుడితే పాలు ఇవ్వగలనా అని. "కొంతమంది ఇస్తారు, కొంతమంది ఇవ్వలేరు. ఇప్పటినుంచే ఎందుకు టెన్షన్, ముందు పెళ్లి కానీ" అన్నది నాకు వచ్చిన జవాబు. అందులో అబద్ధం లేదు. నాకు పనికొచ్చేది కూడా ఏమీ లేదు. ఎందుకంటే ఎవరు ఇవ్వగలరు, ఎవరు ఇవ్వలేరు అన్నది చాలావరకు ఆ రోజు థియేటర్‌లో మీరు ఎంచుకున్న పద్ధతిని బట్టే ఉంటుంది.

పాలు ఊరేది గ్రంథుల్లో. అక్కడి నుంచి సన్నటి నాళాలు చనుమొన దాకా వస్తాయి. ఆపరేషన్‌లో చనుమొనను పైకి జరపక తప్పదు. జరిపేటప్పుడు దాని కింది కణజాలాన్ని అంటిపెట్టే ఉంచి, చుట్టూ ఉన్నది మాత్రం తీసేస్తే నాళాలు, నరాలు, రక్తనాళాలు కొంతైనా దక్కుతాయి. మీరు పెడికిల్ అనేది దాన్నే. అలా కాకుండా చనుమొనను పూర్తిగా వేరుచేసి, చర్మం అతికించినట్టు కొత్త చోట అతికిస్తే నాళాలన్నీ తెగిపోతాయి. రొమ్ములు మరీ పెద్దవైనప్పుడు, చనుమొనకు రక్తం అందదేమోనన్న భయం ఉన్నప్పుడు ఈ రెండో పద్ధతి తప్పకపోవచ్చు. అది నాకు అర్థమవుతుంది. ఏ పద్ధతికి ఏ ఫలితమో ముందే చెప్పమనే నేను అడిగేది.

చెప్పడానికి లెక్కలు లేవని కూడా అనలేం. 2017లో ప్లాస్ వన్ అనే పరిశోధన పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. ఈ ఆపరేషన్ తర్వాత పాలివ్వడం గురించి అప్పటిదాకా జరిగిన 51 అధ్యయనాలను కలిపి చూశారు. చనుమొన కింది కణజాలాన్ని పూర్తిగా నిలిపిన పద్ధతుల్లో పాలివ్వగలిగినవారి మధ్యస్థ శాతం (అధ్యయనాల అంకెలను వరుసలో పెడితే నడిమధ్య వచ్చేది) 100. కొంతవరకు నిలిపిన పద్ధతుల్లో 75. అసలు నిలపని పద్ధతుల్లో 4. ఈ 100 చూసి మురిసిపోకూడదు, ఎందుకంటే పాలివ్వగలగడం అన్నదానికి ఒక్కో అధ్యయనంలో ఒక్కో అర్థం ఉంది. కొద్దికాలం, కొద్దిగా ఇచ్చినా కొన్నిచోట్ల లెక్కలోకి వచ్చింది. బిడ్డ కడుపు నిండా సరిపోయాయా అన్నది వేరే ప్రశ్న. అయినా 100కూ 4కూ మధ్య ఉన్న తేడా పెళ్లికాని అమ్మాయికైనా తెలియాల్సిన తేడాయే. పెళ్లికాని అమ్మాయికే ఇంకా ముందు తెలియాలి.

నరం సంగతి కూడా అంతే. నాలుగో పక్కటెముక కింది సందులోంచి వచ్చే నరమే చనుమొనకు ముఖ్యంగా స్పర్శ ఇస్తుంది. బిడ్డ చీకుతోందన్న కబురు ఆ దారిన మెదడుకు అందితే పాలు ఊరించే ప్రొలాక్టిన్, పాలు చేపించే (బయటికి వదిలించే) ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు విడుదలవుతాయి. నాళాలు బాగుండి నరం దెబ్బతిన్నా చేపు సరిగ్గా రాకపోవచ్చు. ఆపరేషన్ అయ్యాక స్పర్శ మెల్లగా తిరిగిరావచ్చని, అలా వస్తే పాల విషయంలో అది మంచి సూచన అని నాకు ఎవరూ చెప్పలేదు. రెండోసారి గర్భంతో ఉన్నప్పుడు చదివి తెలుసుకున్నాను.

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. చేసే చికిత్స ఏమిటి, దాని వల్ల లాభమేమిటి, వేరే మార్గాలేమున్నాయి, పెద్ద ముప్పులేమిటి అన్నవి రోగికి తగినంతగా చెప్పాకే సమ్మతి తీసుకోవాలని. పాలివ్వలేకపోవచ్చు అన్నది నా లెక్కలో పెద్ద ముప్పే. సంతకం పెట్టించుకునే ఫారంలో ఇంగ్లీషులో ఎక్కడో ఒక ముక్క ఉంటే చెప్పినట్టు కాదు. ఒక కాగితం మీద బొమ్మ గీసి, ఇదిగో ఇక్కడ కోస్తాం, ఇది నిలుపుతాం, ఇది పోతుంది అని తెలుగులో చెబితే పది నిమిషాల పని.

ఇంకొకటి, ఇది చిన్నదిగా కనిపించే పెద్ద విషయం. నా డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ గురించి ఉన్నది ఒక్క లైను: బైలేటరల్ రిడక్షన్ మామోప్లాస్టీ, అంటే రెండు రొమ్ములూ తగ్గించే ఆపరేషన్ అని. ఏ పెడికిల్, ఏ వైపు ఎన్ని గ్రాములు తీశారు, చనుమొనను వేరుచేశారా లేదా, ఏదీ లేదు. రెండో కాన్పుకు ముందు ఆ వివరాల కోసం ఆ ఆస్పత్రికి వెళ్తే అంత పాత కాగితాలు ఉంచం అన్నారు. నియమాల ప్రకారం వాళ్లు చెప్పింది తప్పు కాదు. మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి రికార్డులను మూడేళ్లు ఉంచమంటుంది, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వమంటుంది. ఈ ఆపరేషన్‌కూ కాన్పుకూ మధ్య మూడేళ్లకు మించి గడవడం మామూలు సంగతి కదా. అందుకే ఆపరేషన్ నోట్స్ పూర్తి కాపీ డిశ్చార్జ్ రోజునే ఆ అమ్మాయి చేతిలో పెట్టండి. "పిల్లలు పుట్టినప్పుడు ఇది గైనకాలజిస్టుకు చూపించు" అని దాని మీద రాసి ఇవ్వండి. ఇప్పటికే ఆపరేషన్ అయి, ఇంకా మూడేళ్లు దాటని అక్కచెల్లెళ్లు ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, ఈ వారమే వెళ్లి ఆ కాగితాలు తెచ్చుకోండి.

గైనకాలజిస్టు మేడమ్, ఇప్పుడు మీతో. తొమ్మిది నెలలూ మీ దగ్గరికి వచ్చాను. బరువు చూశారు, బీపీ చూశారు, షుగర్ చూశారు, టిఫా స్కాన్ చేయించారు. రొమ్ముల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. మచ్చలు ఏళ్లు గడిస్తే బాగా పాలిపోతాయి, అడగందే కనపడవు. మేమే చెప్పొచ్చు కదా అంటారు. చెప్పలేని పరిస్థితి చాలామందిది. మన ఇళ్లల్లో ఆడపిల్లకు రొమ్ము ఆపరేషన్ అయిందంటే పెళ్లివారికి చెప్పరు. భర్తకు తెలిసినా అత్తగారికి తెలియదు. చెకప్‌కు వచ్చేటప్పుడు పక్కనే అత్తగారో ఆడపడుచో కూర్చుంటారు. అలాంటప్పుడు "ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా" అని అందరి ముందూ అడిగితే లేదనే చెబుతారు. పరీక్ష చేసే గదిలోకి ఒక్కదాన్నే పిలిచి, తలుపు మూసి, రొమ్ముకు ఎప్పుడైనా కోత పడిందా అని అడగండి. నిజం బయటికొస్తుంది. తగ్గించే ఆపరేషన్ ఒక్కటే కాదు, గడ్డ తీయించుకున్నవాళ్లు, చీము పట్టి కోయించుకున్నవాళ్లు మన ఊళ్లల్లో ఇంకా ఎక్కువమంది. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున కోత పడితే కొన్ని నాళాలు, నరాలు వాళ్లకూ తెగి ఉండవచ్చు.

ఏడో నెలలో ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది చాలా ఉంటుంది. స్పర్శ ఉందా లేదా చూడొచ్చు. గర్భంతో ఉండగా రొమ్ముల్లో మార్పు వచ్చిందా అడగొచ్చు. పాలిచ్చే విషయం తెలిసిన కౌన్సెలర్‌ను ఒకసారి కలిపించొచ్చు. కాన్పు అయ్యాక బిడ్డను ఎన్నిరోజులకొకసారి తూకం వేయాలో ముందే రాసిపెట్టొచ్చు. కాన్పయిన మూడో రోజు రాత్రి, డ్యూటీ డాక్టరు లేనప్పుడు తెలిస్తే చేయగలిగింది డబ్బా కొనుక్కురమ్మనడం ఒక్కటే. నాకు మొదటి కాన్పులో జరిగింది అదే.

వార్డులోని సిస్టర్లకు నా మీద ప్రేమ లేదనను. కానీ జరిగింది చెప్పాలి. మాయ పడిపోగానే ఒంట్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒక్కసారిగా తగ్గిపోతుంది, దాంతో రెండో రోజుకూ ఐదో రోజుకూ మధ్య పాలు పడతాయి. ఆపరేషన్ అయిన రొమ్ములోనూ ఇదే జరుగుతుంది. తేడా ఏమిటంటే, దారి ఉన్న గ్రంథుల్లో ఊరిన పాలు బయటికొస్తాయి, దారి తెగిన గ్రంథుల్లో ఊరినవి లోపలే నిలిచిపోతాయి. నాకు కుడివైపు చంక దగ్గర రాయిలాంటి గడ్డ కట్టింది. సిస్టర్ వచ్చి వేడి కాపడం పెట్టి, బలమంతా పెట్టి పిసికింది. నేను కేకలు పెట్టాను. చుక్క రాలేదు, వచ్చే దారి లేదు కాబట్టి. అప్పుడావిడ పక్క మంచాల వాళ్లందరికీ వినపడేలా "ఈవిడకు పాల్లేవు" అంది. అటువైపు పిసికితే వాపు పెరుగుతుందే తప్ప తగ్గదు. చల్లటి గుడ్డ వేసి, డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఇచ్చి వదిలేస్తే దారి లేని ఆ గ్రంథులు కొద్దిరోజుల్లో వాటంతట అవే ఊరడం మానేస్తాయి. జ్వరం వచ్చినా, చర్మం ఎర్రబారినా మాత్రం డాక్టరుకు చెప్పాలి. ఇదే సమయంలో అదే రొమ్ములో మిగతా భాగం నుంచి పాలు వస్తుండొచ్చు. నా ఎడమవైపు వస్తూనే ఉన్నాయి. అటు ఎవరూ చూడలేదు.

పాలు తోడినకొద్దీ ఊరే బావి అని అమ్మమ్మలు అనేవారు. ఆపరేషన్ అయిన తల్లికి ఈ మాట మామూలు తల్లికంటే ఎక్కువ వర్తిస్తుంది. ఉన్న కొద్దిపాటి గ్రంథులూ పూర్తిగా పనిలోకి దిగాలంటే మొదటి రెండు వారాలే అసలైన సమయం. మొదటి గంటలోనే బిడ్డను ఛాతీ మీద వేయాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. బిడ్డ చీకుతున్నప్పుడు పాల జోరు తగ్గితే అరచేత్తో రొమ్మును మెల్లగా నొక్కి పట్టి ఉంచాలి, నరం బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది చాలా సాయం. మొదటి రోజుల్లో ముర్రుపాలు చిక్కగా, కొద్దిగా ఉంటాయి కాబట్టి పంపు కంటే చేత్తో స్పూనులోకి పిండుకోవడమే మేలు. పాలు పడ్డాక పట్టిన ప్రతిసారీ రెండువైపులా కలిపి తీసే కరెంటు పంపుతో ఓ పావుగంట తీస్తే ఇంకా కావాలన్న కబురు ఒంటికి అందుతుంది. ఈ పంపులు అద్దెకు దొరుకుతాయి. అది చెప్పేవాళ్లు వార్డులో ఉండాలి.

ఇక్కడ సిజేరియన్ల సంగతి ఎత్తకుండా ఉండలేను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. సిజేరియన్ అయితే పాలు పడటం కాస్త ఆలస్యం కావచ్చు, పైగా బిడ్డను వేరే గదిలో ఉంచి తల్లికి మత్తు దిగేదాకా డబ్బా పాలు పట్టే అలవాటు చాలా ఆస్పత్రుల్లో ఉంది. మామూలు తల్లి ఆ నష్టాన్ని తర్వాత పూడ్చుకుంటుంది. మా దగ్గర పూడ్చుకునేంత మిగులు ఉండదు. మాలాంటి తల్లికి సిజేరియన్ తప్పకపోతే రికవరీ గదిలోనే బిడ్డను రొమ్ముకు పట్టించండి.

పిల్లల డాక్టర్ గారూ, మిమ్మల్ని వేడుకునేది దీనికి పూర్తిగా అవతలి వైపు నుంచి. ఎంత ప్రయత్నించినా చాలని తల్లులు మాలో ఉంటారు. మా బిడ్డ ఆకలితో ఉంటే అది మాకు మొదట తెలియదు, ఎందుకంటే ఆకలితో నీరసించిన పసిబిడ్డ ఏడవదు, నిద్రపోతుంది. "బుద్ధిమంతుడు, అస్సలు ఏడవడం లేదు" అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. అందుకే మాకు తూకం కావాలి, లెక్క కావాలి. పుట్టిన బరువులో కొంత తగ్గడం మామూలే. 10 శాతానికి దగ్గరపడితే ఆగి చూడాలి. నాలుగైదు రోజులకు నల్లటి విరేచనం పోయి పసుపుపచ్చగా రావాలి. ఐదారు రోజులకు రోజుకు కనీసం ఆరుసార్లు ఒంటికి పోవాలి. మూడో రోజు దాటాక కూడా గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక పడుతుంటే పాలు చాలడం లేదేమో చూడాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. ఆపరేషన్ అయిన తల్లి బిడ్డకు ఇవన్నీ రాసిన చీటీ ఇచ్చి, ఇంటికి పంపిన రెండు రోజులకే మళ్లీ తూకానికి రమ్మనండి. టీకాకు వచ్చినప్పుడు చూద్దాంలే అంటే ఒక్కోసారి ఆలస్యమైపోతుంది. ఒంట్లో నీరు తగ్గి, ఉప్పు పెరిగి, కామెర్లు ముదిరి ఐసీయూకు చేరే బిడ్డలు మీరు చూడనివాళ్లు కారు.

చాలనప్పుడు పైపాలు ఇవ్వాల్సిందే. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ కూడా రొమ్ము ఆపరేషన్ వల్ల పాలు తగ్గడాన్ని పైపాలు అవసరమయ్యే కారణాల్లో ఒకటిగా రాసింది. తల్లిపాలను అంత గట్టిగా సమర్థించే వైద్యుల సంస్థ అది. మీరు నిర్ణయించాల్సింది ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నదే. నా మొదటి బిడ్డకు సీసా రాసిచ్చారు. ధారగా వచ్చే సీసాకు అలవాటు పడ్డ బిడ్డ చుక్కలుగా వచ్చే రొమ్ము దగ్గర ఏడ్చి ముఖం తిప్పేసుకుంది. రొమ్ము పట్టడం తగ్గింది, తగ్గితే ఊరడం తగ్గింది. ఆ పాప మూడో నెలకు పూర్తిగా పోతపాల మీదికి వెళ్లిపోయింది.

రెండో బిడ్డప్పుడు ఒక పెద్ద నర్సమ్మ వేరే పద్ధతి నేర్పింది. దాన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే చాలామంది తల్లుల దారి మారిపోతుంది. మందుల షాపులో పసిపిల్లలకు వేసే ఐదో నంబరు ఫీడింగ్ ట్యూబు దొరుకుతుంది. సన్నగా, మెత్తగా ఉంటుంది. దాని ఒక కొన నేను పిండిన పాలో, డాక్టరు చెప్పిన కొలతకు కలిపిన డబ్బా పాలో ఉన్న శుభ్రమైన చిన్న గ్లాసులో ఉంటుంది. రెండో కొనను రొమ్ము మీదుగా తెచ్చి, చనుమొన చివరను కాస్త దాటేలా పెట్టి, మైక్రోపోర్ టేపుతో అంటిస్తాం. బిడ్డ చనుమొనను, ట్యూబును కలిపే నోట్లోకి తీసుకుంటాడు. చీకితే రెండిట్లోంచీ పాలు వస్తాయి. గ్లాసు కిందికి దించితే పాలు మెల్లగా వస్తాయి, పైకెత్తితే జోరుగా వస్తాయి, అందుకని మొదట్లో రొమ్ము కంటే దిగువనే ఉంచాలి. ట్యూబును వాడిన వెంటనే సిరంజితో నీళ్లు కొట్టి కడగాలి, నర్సు చెప్పినప్పుడల్లా మార్చేయాలి. మొదటిసారి తెలిసినవాళ్లు పక్కనుండి చూపించాలి, సొంత ప్రయోగాలు వద్దు. బిడ్డ కడుపు రొమ్ము దగ్గరే నిండింది. రొమ్ముకు చీకుడు అందింది, కాబట్టి ఊరడం ఆగలేదు. వాడికి ఇది ట్యూబు, ఇది అమ్మ అన్న తేడా లేదు. నేను మొదటిసారి ఏడవకుండా పాలు పట్టింది ఆ రోజే.

ట్యూబు కుదరనివాళ్లకు ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. మన ఇళ్లల్లో అటక మీద ఇంకా దొరుకుతుంది. నీళ్లలో మరిగించి, బిడ్డను కూర్చోబెట్టినట్టు పట్టుకుని, పెదవి దగ్గర ఆనించి, వాడు మింగేదాన్ని బట్టి పట్టొచ్చు. సీసా కంటే కడగడం తేలిక. తల్లిపాల బ్యాంకుల గురించి కూడా అడుగుతుంటారు. హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి ఉంది. అక్కడి పాలు ముందుగా నెలలు నిండని, జబ్బుపడ్డ పసికూనలకే వెళ్లాలి. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకోసం మేము ఆ పాలు ఆశించడం లేదు.

తిండి గురించి, మందుల గురించి మీరు ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అందరూ చెబుతారు. మా అత్తగారిది కోస్తా. పాలసొర పులుసు, వెల్లుల్లి కారం, మునగాకు, పచ్చి బొప్పాయి కూర, మెంతులు, దేనికీ లోటు చేయలేదు. ఆవిడ ప్రేమతో పెట్టింది, నేను ప్రేమతోనే తిన్నాను, బాలింతకు మంచి తిండి కావాల్సిందే. కానీ ఏ కూరా తెగిన నాళాన్ని అతకలేదు. శతావరి పొడైనా అంతే. మెంతులు ఎక్కువగా తింటే షుగర్ మందులు వాడేవాళ్లకు చక్కెర పడిపోవచ్చు, అదైనా చెప్పండి. డాంపెరిడోన్ అనే మాత్ర ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది, కొందరికి ఉపయోగపడుతుంది, కానీ గుండె లయ మీద ప్రభావం ఉండే మందు. గుండె జబ్బు ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు అని చూడకుండా చీటీ మీద రాసేయకండి. చీటీ లేకుండా కొనుక్కునేవాళ్లను ఆపండి. పాలు తీయకుండా మాత్ర ఒక్కటే మింగితే ఒరిగేదేమీ ఉండదని కూడా చెప్పండి.

ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు జరుపుతారు. 2016లో మొదలైన, తల్లిపాలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ "మా" (MAA) కార్యక్రమం కింద ఆశా అక్కలకు, ఏఎన్ఎంలకు శిక్షణ ఇస్తున్నారు. డబ్బా పాల ప్రచారాన్ని అడ్డుకునే 1992 చట్టం మనకుంది, 2003లో దాన్ని ఇంకా గట్టిపరిచారు. ఇవన్నీ కావాలి, నేను వీటివైపే ఉన్నాను. 2019–21 సర్వేలో దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే అయినప్పుడు ప్రచారం తగ్గించమని ఎవరు అంటారు? కానీ "ప్రతి తల్లికీ పాలుంటాయి" అన్న పోస్టరు కింద కూర్చుని, ట్యూబు అంటించుకున్న రొమ్మును కొంగుతో కప్పుకుంటూ నేను ఏడ్చాను. ఆ పోస్టరు మీద ఇంకొక్క వాక్యం చేర్చండి: రొమ్ముకు ఆపరేషన్ అయి ఉంటే మాకు ముందే చెప్పండి, సాయం ఉంది. ఆ చట్టం అడ్డుకునేది ప్రచారాన్ని. అవసరమైన తల్లికి డాక్టరు సలహాతో డబ్బా పాలు ఇవ్వడాన్ని కాదు. ఈ తేడా తెలియక భయపడి, చాటుగా కొని, కొలత తప్పి నీళ్లెక్కువ కలిపి పట్టే తల్లులు ఉన్నారు. వాళ్లకు కలిపే విధానం మీరే నేర్పండి.

మొదటి బిడ్డకు చాలలేదు కాబట్టి రెండో బిడ్డకు ప్రయత్నించడమే దండగ అని చెప్పేవాళ్లకు ఒక మాట. గర్భం వచ్చిన ప్రతిసారీ రొమ్ములో పాలగ్రంథులు కొత్తగా పెరుగుతాయి. తెగిన నాళాల్లో కొన్ని కాలం గడిచేకొద్దీ తిరిగి కలవవచ్చు, పాలు పట్టడం కూడా దానికి తోడు కావచ్చు. నరానికి స్పర్శ మెల్లగా తిరిగి రావచ్చు. అందుకే మాలో చాలామందికి రెండోసారి పాలు ఎక్కువ. నాకూ అంతే. వాడికి కావాల్సినదాంట్లో సగానికి పైగా నేనే ఇచ్చాను. ఆరు నెలలు దాటి అన్నం, పప్పు తినడం మొదలుపెట్టాక ట్యూబు పక్కన పెట్టేశాం. ఆ తర్వాత రెండో పుట్టినరోజు దాకా పడుకునే ముందు వాడికి నా రొమ్మే కావాలి.

మీరు చార్టులో "తల్లిపాలు మాత్రమే", "పైపాలు" అని రెండే గడులు పెడతారు. నేను రెండో గడిలోకి వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి నన్ను పాల గురించి ఎవరూ అడగలేదు, పంపు గురించి ఎవరూ చెప్పలేదు. రెండూ కలిపి ఇచ్చే తల్లికి మూడో గడి పెట్టండి. సగం పాలైనా, పావు వంతు పాలైనా, రోజుకు రెండు స్పూన్లైనా అవి తల్లిపాలే. వాటిని కాపాడుకోవడానికి ఆ తల్లికి అందరికంటే ఎక్కువ సాయం కావాలి.

ఆరోగ్యశాఖ అధికారులకు కూడా ఒక విన్నపం. ప్రతి గర్భిణికీ ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో రక్తహీనతకు, బీపీకి, పాత కాన్పులకు గడులున్నాయి. "రొమ్ముకు ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా?" అన్న ప్రశ్న దాంట్లో చేర్చండి. దాన్ని ఏఎన్ఎం ఒంటరిగా అడిగి నింపాలని, అవును అని వస్తే ఏడో నెలలోపు పాలిచ్చే విషయంలో శిక్షణ ఉన్నవారి దగ్గరికి పంపాలని, పుట్టిన బిడ్డను మొదటి రెండు వారాల్లో కనీసం మూడుసార్లు తూకం వేయాలని రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. తూకం మిషన్ ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉంది. ట్యూబు మందుల షాపుల్లో దొరుకుతుంది. ఈ ఆగస్టు వారోత్సవాల లోపు మీ జిల్లాలో ఒక్క ఆస్పత్రిలోనైనా ఇది మొదలుపెడితే, అక్కడ తల్లులకు ట్యూబు ఎలా పెట్టాలో చూపించడానికి నేను వస్తాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి